ముసలమ్మ అనే లేబుల్

మా ఫ్యాక్టరీలో లేబుల్ అంటే కింద హాల్లో ఆడవాళ్ళు కారం ప్యాకెట్ల మీద అంటించే కాగితం. పై అంతస్తులో కూర్చుని నేను పెట్టేవి కూడా లేబుళ్ళే అంటే మొదట్లో వాళ్ళు నవ్వారు. "కంప్యూటర్ల లేబులేంది మేడం, జిగురెట్ల పూస్తరు?" అని ఒకామె అడిగింది. జిగురు అక్కర్లేదమ్మా, ఒక మాట రాస్తే చాలు అన్నాను. ఆ ఒక్క మాట ఎంత పని చేస్తుందో అప్పటికి నాకూ తెలియదు.

నాచారం పారిశ్రామికవాడలో మాది మసాలా పొడులు చేసే చోటు. నేను గుంటూరు వైపు దాన్ని కాబట్టి మిరప ఘాటు నన్నేమీ చేయలేదు. పెళ్ళయి ఉప్పల్లో కాపురం పెట్టాక దొరికిన ఉద్యోగాల్లో ఇదే దగ్గర. షేర్ ఆటో దిగి గేటు దాటేసరికి ఒంటికి ధనియాల వాసన పట్టేది, సాయంత్రం ఇంటికెళ్ళి తలస్నానం చేసినా పోయేది కాదు.

నా పని రాత పని. ఏ యంత్రాన్ని ఎలా నడపాలి, ఎలా కడగాలి, దేని జోలికి వెళ్ళకూడదు అన్నవన్నీ ఒకప్పుడు కాగితాల మీద ఉండేవట. మేనేజర్ గారు కొత్త ప్రాజెక్టు అని చెప్పి అవన్నీ వికీలోకి ఎక్కించారు. వికీ అంటే కంపెనీ మనుషులే రాసి కంపెనీ మనుషులే చదువుకునే పేజీల గుట్ట. కింద ఒక్కో యంత్రం పక్కన గోడకి ఒక్కో ట్యాబ్ తగిలించారు. ఆపరేటర్‌కి అనుమానం వస్తే ట్యాబ్‌లో మాట కొట్టి, పేజీ తీసి, చదువుకోవాలి. వినడానికి బాగుంది. మేనేజర్ గారికి వినడానికి బాగున్నవన్నీ నచ్చుతాయి.

పేజీలు ఉన్న మాట నిజమే, దొరకాలి కదా. రాసిన ఇంజనీర్లు పేజీలకి తమ చదువుకి తగ్గ పేర్లు పెట్టి వెళ్ళిపోయారు. ఆ పేర్లు తెలిసిన వాడికే ఆ పేజీ వస్తుంది. పేజీ అడుగున లేబుల్ పెట్టుకునే చోటు ఉంటుంది, అక్కడ నాలుగు మామూలు మాటలు రాస్తే వాటితో వెతికినా పేజీ పైకి వస్తుంది. అక్కడ మా వాళ్ళు ఏం రాశారో చూద్దామని తీస్తే, అన్నిటికీ ఒకటే లేబుల్: "ముఖ్యం". చేతులు కడుక్కునే పేజీ ముఖ్యం, చెప్పులు ఎక్కడ విడవాలో చెప్పే పేజీ ముఖ్యం, దసరా ఆయుధపూజ ఫోటోల పేజీ కూడా ముఖ్యమే. మేనేజర్ గారు ఒక పూట కూర్చుని అన్నిటికీ స్వహస్తాలతో పెట్టారని తెలిసి, నవ్వాలో ఏడవాలో తెలియక టీ తాగడానికి వెళ్ళాను.

"కిందకి వెళ్ళి వాళ్ళు దేన్ని ఏమంటారో అడిగి, ఆ మాటలే లేబుళ్ళుగా పెడతానండీ" అని ఆయన్ని అడిగాను. ఆయనదీ మా వైపే, అందుకని నాతో ఇంట్లో మనిషిలా మాట్లాడేవారు. "చూద్దాం లేమ్మా, సీజన్ అయిపోనీ" అన్నారు. మసాలాలకి సీజన్ ఎప్పుడైపోతుంది? ఎండాకాలం పచ్చళ్ళు, తర్వాత పండగలు, తర్వాత పెళ్ళిళ్ళు. నేను అడుగుతూనే ఉన్నాను, ఆయన చూద్దాం అంటూనే ఉన్నారు. ఈలోగా కింద ట్యాబులు టైము చూసుకోవడానికీ, ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు స్కోరు చూసుకోవడానికీ పనికొచ్చాయి.

ఆ కింద హాల్లోనే ఒక ఆపరేటర్ ఉండేవాడు. జనగామ దగ్గర ఊరు, చిలుకానగర్‌లో అద్దెకుండేవాడు. మా ఇద్దరిలో ఎవరు పెద్దో తేలలేదు. ఆయన నన్ను అక్కా అనేవాడు, నేను ఆయన్ని అన్నా అనేదాన్ని, ఇద్దరం ఒకరినొకరు పెద్ద చేసుకుని మర్యాద కాపాడుకున్నాం. పొడులు కలిపే పాత యంత్రం ఆయనది. పెద్ద ఇనుప తొట్టి, లోపల మెలికలు తిరిగిన రెక్కలు, పైన మూత. మూత ఎత్తితే ఆగిపోయే ఏర్పాటు కొత్త యంత్రాలకి ఉంది, దీనికి లేదు. తిరుగుతున్నంతసేపూ గొణుగుతూ ఉంటుంది.

ఆ యంత్రానికి ఒక గుణం ఉంది. మధ్యలో కరెంటు పోతే ఆగుతుంది, వస్తే తనంతట తానే మొదలై మిగిలిన పని పూర్తి చేస్తుంది. కరెంటు లేనప్పుడు, ఆపే ఎర్ర బటన్ నొక్కినా దానికి ఎక్కదు. పక్క గోడకున్న పెద్ద స్విచ్ దించి, దానికి తాళం వేస్తే తప్ప మూత ముట్టుకోకూడదు. ఇదంతా వికీలో ఉంది. వెళ్ళిపోయిన ఒక ఇంజనీర్ ఎప్పుడో రాసిపెట్టాడు. పేజీ పేరు "ఆర్‌బీ-03 ఆటో రీస్టార్ట్ ప్రొసీజర్, రివిజన్ 2". లేబుల్ "ముఖ్యం".

ఒకరోజు పొద్దున కరెంటు పోయింది. తొట్టి నిండా పొడి ఉంది. అలా వదిలేస్తే గడ్డ కడుతుంది, గడ్డ కడితే ఆ తొట్టి మొత్తం పారబోయాలి. ఆయన రోజూ యంత్రం ఆపేటప్పుడు చేసినట్టే ఎర్ర బటన్ నొక్కాడు, మూత ఎత్తాడు, గడ్డలు చిదమడానికి చెయ్యి పెట్టాడు. కరెంటు వచ్చింది.

నేను పైన ఉన్నాను. ముందు లైట్లు వెలిగాయి, ఫ్యాన్ తిరిగింది, హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత అరుపు వినిపించింది. ఆ హమ్మయ్యని నేను ఇంతవరకూ మర్చిపోలేదు. కుడిచేతికి బొటనవేలు, దాని పక్క వేలు మిగిలాయి.

ఆయన్ని దవాఖానాకి తీసుకెళ్ళాక నా సీట్లో కూర్చుని ఆ పేజీ కోసం వెతికాను. యంత్రం అని కొట్టాను, మిక్సర్ అని కొట్టాను, కరెంట్ అని కొట్టాను. ఆయుధపూజ ఫోటోలు వచ్చాయి. చివరికి ఆ ఇంజనీర్ పేరు గుర్తొచ్చి, అది కొడితే దొరికింది. ఇదే పనిగా జీతం తీసుకునే నాకే అంత తంటా అయితే, చేతికి పొడి అంటుకుని, వెనక సూపర్‌వైజర్ తొందర పెడుతుంటే ఆయనకి ఎలా దొరుకుతుంది?

మర్నాడు మేనేజర్ గారే నన్ను పిలిచారు. "అమ్మా, ఆ లేబుళ్ళు అన్నావు కదా, మొదలుపెట్టేయ్. ముందు ఆ పాత యంత్రం పేజీలు. ఈ ప్రమాదం మీద ఎంక్వైరీ ఉంటుంది, అది మొదలయ్యే లోపల అయిపోవాలి" అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే అనుకున్నాను. ఎంక్వైరీకి ముందే ఎందుకు అన్న ప్రశ్న నా గొంతు దాకా వచ్చింది కూడా. కానీ ఆ యంత్రం ఆగలేదు. రక్తం కడిగి, ప్రమాదం జరిగిన రోజు మధ్యాహ్నమే దాన్ని తిప్పారు. అక్కడ అప్పటికే ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు.

ఏ మాటలు పెట్టాలో ఆ యంత్రంతో బతికినవాడినే అడగాలి. ఆయన దవాఖానా నుంచి ఇంటికి వచ్చాడని తెలిసి చిలుకానగర్ వెళ్ళాను.

తలుపు ఆయన భార్య తీసింది. లోపలికి రమ్మనలేదు. "ఇప్పుడెందుకొచ్చిన్రు మేడం? అయ్యిందంత అయ్యింది గద" అంది. నేను ఏదో గొణిగాను. ఆమె నన్ను నిలబెట్టే చెప్పింది. "బేస్తారం నాడు ఎంక్వైరీ పెట్టిన్రట. ఈయన తప్పని తేలితే పనిలకెళ్ళి తీసేస్తరట. తప్పు లేదని తేలితే స్టోర్ల కూసునే పనిస్తరట. ఈ చేతితోని బయట ఎవడిస్తడు మేడం పని? మీకు సదువుంది, మీరే చెప్పున్రి."

లోపల నుంచి ఆయన పిలిచాడు. కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నాడు. నేను వచ్చిన పని చెప్పాను. ఆ పేజీ ఎలాగూ ఉంది, మీకు దొరకలేదు, మీ మాటలు చెబితే ఇంకొకరికి దొరుకుతుంది అన్నాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఆయనకి మాత్రం మొహం వెలిగింది.

"గా మిషన్‌ను మేం ముసలమ్మ అంటమక్కా" అన్నాడు. "పొద్దంత గొణుగుతది గద. కొత్త మిక్సర్ ఉన్నది సూడు, అది కొత్త కోడలు. సప్పుడు జెయ్యది, పని మాత్రం మస్తు జేస్తది. ఇగ ప్యాకింగ్ మిషన్ దొర. జర దుమ్ము పడ్డా అలిగి కూసుంటది."

నేను నవ్వాను, ఆయనా నవ్వాడు, నవ్వితే చెయ్యి కదిలి మొహం చిట్లించాడు. భార్య తలుపు దగ్గర నిలబడి మా ఇద్దరినీ పిచ్చివాళ్ళని చూసినట్టు చూసింది.

"కరెంటు పోయిన సంగతికి ఏం కొడతారన్నా?" అని అడిగాను.

"ఏం కొడ్తం? కరెంట్ అని కొడ్తం. ముసలమ్మ కరెంట్. తెలుగు అక్షరాలు మాతోని కాదు, ఫోన్ల కొట్టినట్టు ఇంగ్లీషుల కొడ్తం."

అన్నీ అడిగి తెలుసుకున్నాను. లేచేముందు మాత్రం ఉండబట్టలేక అన్నాను. "అన్నా, ఎంక్వైరీ అయ్యాక పెడితే నయమేమో. ఇప్పుడే పెడితే పేజీ దొరుకుతోంది కదా అంటారేమో."

ఆయన కొంచెంసేపు దిండు మీద చేతిని చూసుకున్నాడు. "నా జాగల మా దోస్తును నిలవెట్టిన్రు. ఆనికి ఇద్దరు ఆడివిల్లలు. బేస్తారం దాంక కరెంటు పోకుంట ఉంటదా అక్కా? పెట్టెయ్యి. నాది దేవుడు సూస్కుంటడు."

దేవుడి మీద నాకు ఆయనకున్నంత నమ్మకం లేదు. అయినా ఆ మాటకి ఎదురు చెప్పలేకపోయాను. మర్నాడు "ముఖ్యం" అన్నదాన్ని పీకేసి, ముసలమ్మ, కరెంట్, కరెంటు పోతే, గడ్డ, మూత అన్న మాటలు పెట్టాను. తెలుగు అక్షరాల్లోనూ పెట్టాను, వాళ్ళు ఫోన్లో కొట్టే ఇంగ్లీషు అక్షరాల్లోనూ పెట్టాను. కిందకి వెళ్ళి ఆయన దోస్తుని పిలిచి వెతకమన్నాను. ముసలమ్మ అని సగం కొట్టేసరికే పేజీ పైకి వచ్చింది. అతను నిలబడి మొత్తం చదివాడు, గోడకున్న పెద్ద స్విచ్ వైపు చూశాడు, మళ్ళీ చదివాడు. "ఇది ముందుగాల ఉండె గదా మేడం" అన్నాడు. ఆ ఒక్క పూట నా ఉద్యోగం మీద నాకు గౌరవం కలిగింది.

బేస్తారం, అంటే గురువారం నాడు, ఎంక్వైరీ పై అంతస్తులోని పెద్ద గదిలో జరిగింది. బయటి నుంచి ఒక వకీలుని ఎంక్వైరీ ఆఫీసర్‌గా తెచ్చారు. నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు. మేనేజర్ గారు, హెచ్‌ఆర్ మనిషి ఒక పక్క, ఆపరేటర్ అన్న ఒక్కడే ఇంకో పక్క. పేజీల సంగతి అడుగుతారని నన్ను గోడ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన ఉతికిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. ఎడమచేత్తో గుండీలు పెట్టుకోలేడు కాబట్టి భార్య పెట్టి ఉంటుంది.

జాగ్రత్తలన్నీ ట్యాబ్‌లో అందుబాటులో ఉన్నాయని మేనేజర్ గారు చెప్పారు. "నాకు దొర్కలే సార్" అన్నాడు ఆయన. ఆ యంత్రానికి మూత ఎత్తితే ఆగే ఏర్పాటు ఎందుకు లేదని ఎవరూ అడగలేదు. తొట్టి పారబోస్తే ఎవరు తిడతారని ఎవరూ అడగలేదు. వకీలు ట్యాబ్ తెప్పించి ఆయన ముందు పెట్టించాడు.

"బాబూ, ఆ రోజు నీకు అవసరం పడితే ఎట్ల వెతికేవాడివో, అచ్చం అట్లనే వెతికి చూపించు" అన్నాడు. గొంతులో కోపం లేదు. న్యాయంగా అడుగుతున్నానని ఆ వకీలు అనుకుంటూ ఉండాలి.

నేను లేచి నిలబడి, ఆ లేబుళ్ళు నేను మొన్న పెట్టినవండీ అన్నాను. వకీలు నా వైపు తిరిగి, పేజీ ఎప్పటిది అని అడిగాడు. పేజీ పాతదే, లేబుళ్ళు కొత్తవి, కావాలంటే ఎప్పుడేం మారిందో చూపిస్తాను అన్నాను. "పేజీ ఉందా లేదా అన్నదే మనకు కావల్సింది మేడం. మిగతాది టెక్నికల్ విషయం" అన్నాడు. "నువ్వు కూర్చోమ్మా" అన్నారు మేనేజర్ గారు, పెళ్ళిలో అడ్డొచ్చిన పిల్లని పక్కకి జరిపినట్టు. నేను కూర్చోలేదు. నిలబడినా ఒరిగిందేమీ లేదు.

అన్న నా వైపు చూశాడు. వేరే ఏదైనా కొట్టు అన్నా, ఏదైనా సరే, అని లోపల మొక్కుకున్నాను. దేవుడి మీద నమ్మకం లేదన్న దాన్ని, కనిపించిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. ఆయన ఎడమచేతి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. ముసలమ్మ.

పేజీ అన్నిటికన్నా పైన వచ్చింది. వకీలు కళ్ళజోడు సర్దుకుని చూసి, దొరికింది కదా అన్నట్టు తల ఊపి, రాయించాడు. జాగ్రత్తలు అందుబాటులో ఉన్నాయి, వాటిని ఉల్లంఘించడం వల్లే ప్రమాదం. మేనేజర్ గారు నీళ్ళు తాగారు. ఆయన ఇదంతా తెలిసే లేబుళ్ళు పెట్టమన్నారా, భయంతో పెట్టమన్నారా, నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే ఏదో ఒకటి చెబుతారు, అందుకే అడగలేదు.

గేటు బయట టీకొట్టు దగ్గర అన్నని పట్టుకున్నాను. నాకు ఏడుపు ఆగలేదు, దాంతోపాటు ఆయన మీద కోపం కూడా వచ్చింది. "ఎందుకు కొట్టారన్నా ఆ మాట? దొరుకుతుందని తెలుసు కదా! వేరే మాట కొట్టి ఉంటే దొరికేది కాదు!"

ఆయన నన్ను వింతగా చూశాడు. "దాని పేరే గది గదక్కా. వేరే మాట నాకేం ఎర్క?"

నేను తప్పు చేసి ఉంటే బాగుండేది. తప్పయితే క్షమించమని అడగొచ్చు, ఆయన క్షమించకపోతే అది మోసుకుని తిరగొచ్చు. నేను చేసింది సరైన పని. మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తాను. మంచికి పోతే చెడు ఎదురైందని మా అమ్మ అంటుండేది, అదేదో తేలికపాటి మాట అనుకునేదాన్ని.

ఆయన్ని తీసేశారు. కొన్నాళ్ళకి జాలిపడి ఆయన భార్యని కింద హాల్లో పనికి తీసుకున్నారు. జాలి అన్న మాట మేనేజర్ గారిదే, పైన అందరి ముందూ రెండుసార్లు అన్నారు. ఆమె ప్యాకెట్ల మీద లేబుళ్ళు అంటిస్తుంది. నేను మెట్లు దిగి వెళ్తుంటే తల ఎత్తేది కాదు. ఉప్పల్ వెళ్ళే షేర్ ఆటోలో ఒకసారి ఇద్దరం పక్కపక్కనే ఇరుక్కుని కూర్చున్నాం. ఫ్లైఓవర్ స్తంభాల మధ్య ట్రాఫిక్‌లో ఆటో చాలాసేపు ఆగింది, ఆమె బయటికే చూస్తూ కూర్చుంది.

ఈమధ్య బయటి నుంచి ఆడిట్ వాళ్ళు వస్తున్నారన్నారు. మేనేజర్ గారు నా సీటు దగ్గరికి వచ్చి, "ఆ ముసలమ్మ, కోడలు అవన్నీ తీసెయ్యమ్మా. చూస్తే నవ్విపోతారు. మెషీన్ నంబర్లు పెట్టు చాలు" అన్నారు. ఎంక్వైరీ గదిలో ఆ మాట చూసి ఎవరూ నవ్వలేదు, అప్పుడు బాగానే పనికొచ్చింది. ఆ మాటే ఆయన మొహం మీద అన్నాను. నా ఉద్యోగానికి అదే ఆఖరి రోజేమో అనుకున్నాను. ఆయన మొహం మాడ్చుకుని వెళ్ళారు గానీ, ఇంకెవరిచేతనైనా తీయిస్తానని వెళ్తూ వెళ్తూ అన్నారు. అప్పటినుంచి పొద్దున్నే వచ్చి నేను ముందు చూసేది ఆ లేబుల్. ఒకసారి పోయింది, మళ్ళీ పెట్టాను.

ఈ గొడవ కింద హాలు దాకా వెళ్ళినట్టుంది. నిన్న మధ్యాహ్నం నేను మెట్లు దిగుతుంటే అన్న భార్య లేచి వచ్చింది. పనిలో చేరాక నాతో మాట్లాడడం అదే మొదలు. వేళ్ళకి జిగురు అంటుకుని ఉంది, కొంగుతో తుడుచుకుంటూ నా మొహంలోకి చూసింది.

"ఆయన అడుగుమన్నడు మేడం. గా మాట ఉన్నదా, తీసేసిన్రా అని."

"ఉందమ్మా. ఉందని చెప్పు."

"ఉండాలె" అంది. "మా ఆయన చెయ్యి పోతెనే గద అది అక్కడికొచ్చింది."

వెనక నుంచి సూపర్‌వైజర్ కేకేశాడు. ఆమె వెళ్ళి తన చోట కూర్చుని ఇంకో ప్యాకెట్ అందుకుంది.